"అర్థమైంది" అన్న పిల్లాడికి మర్నాడు అదే లెక్క ఎందుకు రాదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీకు లెక్కలు బాగా వచ్చు, రెండు నెలలుగా ఆన్‌లైన్‌లో ట్యూషన్ చెబుతున్నారు. ఏడో తరగతి అబ్బాయి ఒకడు భిన్నాల దగ్గర ఆగిపోతే స్క్రీన్ మీద మొత్తం చేసి చూపిస్తున్నారు. వాడు తల ఊపి "అర్థమైంది" అంటాడు. మర్నాడు అదే లెక్క ఇస్తే మళ్లీ మొదటికే వస్తుంది. చెప్పకుండా ఊరుకుంటే టైమంతా మౌనంగా గడిచిపోతోంది. వాళ్లమ్మగారేమో క్లాసు అవగానే "ఇవాళ ఎన్ని లెక్కలయ్యాయి?" అని అడుగుతున్నారు. ఏం చెయ్యాలి?

సూటిగా చెబుతాను. లెక్క మీరు చెయ్యడం ఆపండి. వాడి పెన్ను ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చూడటం మొదలుపెట్టండి. వాడు ఎంతవరకు ప్రయత్నించాడో చూడకుండా ఒక్క ముక్క కూడా చెప్పకండి. చెప్పక తప్పకపోతే ఒక్క అడుగుకు సరిపడా చెప్పి మళ్లీ ఆగండి. లెక్క పూర్తయ్యాక ఆ పేజీ మూయించి, ఖాళీ పేజీ మీద మొదటి నుంచి మళ్లీ చేయించండి. ఇంతే. కానీ ఇందులో ప్రతి ముక్కా ఆన్‌లైన్‌లో ఎందుకో కాస్త కష్టమవుతుంది. ఆ కష్టాలేమిటో, పదకొండేళ్లుగా ఈ పని చేస్తూ నేనేం నేర్చుకున్నానో రాస్తాను. పెద్ద జవాబే అవుతుంది, తీరిగ్గా చదవండి.

ముందు ఆ "అర్థమైంది" సంగతి. పిల్లాడు అబద్ధం చెప్పడం లేదు. మీరు చేస్తుంటే ప్రతి స్టెప్పూ వాడికి నిజంగానే అర్థమవుతోంది. ఒక స్టెప్పు తర్వాత ఇంకో స్టెప్పు ఎలా వచ్చిందో పోల్చుకోగలుగుతున్నాడు. కానీ ఆ రెండో స్టెప్పును ఎంచుకున్నది మీరు. హారాలు వేరుగా ఉన్నాయని గమనించింది మీరు, లసాగు తియ్యాలని నిర్ణయించింది మీరు. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు వాడికి కావలసింది సరిగ్గా ఆ నిర్ణయమే. అది వాడి చేత మీరు ఒక్కసారి కూడా చేయించలేదు. అందుకే "అర్థమైందా?" అన్న ప్రశ్నను మీ క్లాసులో నిషేధించండి. దానికి "ఆ" తప్ప ఇంకో జవాబు పిల్లల నోట రాదు. బదులుగా "ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నావ్?" అనండి, లేదా "ఈ స్టెప్పు ఎందుకు వేశావో నాకు చెప్పు" అనండి. వీటికి "ఆ" అని తప్పించుకోవడం కుదరదు.

నాకు ఇది తెలిసొచ్చిన రోజు బాగా గుర్తుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి. 5ఎక్స్ + 3 = 2ఎక్స్ + 18 అన్న సమీకరణం. చక్కగా 3ఎక్స్ = 15 వరకు వచ్చింది. ఆ తర్వాత ఎక్స్ = 15 − 3 = 12 అని రాసింది. నేను "కాదమ్మా, 3తో భాగించాలి" అన్నాను. "అవును టీచర్, మర్చిపోయాను" అంది. తర్వాతి క్లాసులో ఇలాంటిదే ఇస్తే మళ్లీ తీసివేసింది. మళ్లీ చెప్పాను. ఇలా మూడు క్లాసులు గడిచాయి. నాలుగోసారి విసుగొచ్చి కాదు, నిజంగా తెలుసుకోవాలనిపించి అడిగాను: "15లోంచి 3 ఎందుకు తీసేశావ్?"

తను వెంటనే అంది, "అటు పక్కకి పోతే గుర్తు మారుతుంది కదా టీచర్. 3 అటు పోయింది, మైనస్ అయింది."

మూడు వారాలుగా నేను దిద్దుతున్నది మతిమరుపు అనుకున్నాను. అసలు అక్కడ మతిమరుపే లేదు. ఆ అమ్మాయి ఒక నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. "అటు పోతే గుర్తు మారుతుంది" అని ఎవరో చెప్పారు, తను నమ్మింది. 3ఎక్స్‌లో 3కి ముందు ఏ గుర్తూ లేదు కాబట్టి ప్లస్ అనుకుంది, అటు పంపి మైనస్ చేసింది. అప్పుడు అడిగాను, "3ఎక్స్ అంటే ఏమిటి?" "మూడూ, ఎక్సూ" అంది. పక్కపక్కన ఉన్న రెండు వస్తువుల్లా. 3ఎక్స్‌ను ఎక్స్ + ఎక్స్ + ఎక్స్ అని విడదీసి రాయమన్నాను. రాసింది. పక్కన = 15 రాసింది. ఓ పావు నిమిషం ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత గొంతు మారింది. "ఒక్కోటీ 5! అంటే ఇక్కడ 3 కలిసి లేదు, గుణించి ఉంది." ఆ మాట నేను చెప్పింది కాదు, తనే అంది. తర్వాత 5నూ, పాత జవాబు 12నూ అసలు సమీకరణంలో పెట్టి చూడమన్నాను. 5 పెడితే రెండు వైపులా 28. 12 పెడితే ఒక వైపు 63, ఇంకో వైపు 42. ఆ తర్వాత ఆ తప్పు తను మళ్లీ చెయ్యలేదు.

మీరు "భాగించాలి" అని వందసార్లు చెప్పినా అది ఆ నియమానికి తగలదు, పక్క నుంచి జారిపోతుంది. పిల్లలు చేసే తప్పుల్లో చాలావాటి వెనక ఇలాంటి నియమం ఒకటి ఉంటుంది. వాళ్ల దృష్టిలో అది సరైనదే, ఎక్కడో ఒకచోట పనిచేసిందే. దాన్ని బయటికి లాగేదాకా మీరు చెప్పేవన్నీ పైపూతే.

మీ అబ్బాయి భిన్నాల గురించి కూడా ఇదే అంటాను. 1/2 + 1/3 ఇస్తే 2/5 రాస్తాడనుకుంటాను. మీరు రాయలేదు గానీ, ఆ వయసులో భిన్నాల దగ్గర ఆగే పిల్లల్లో నేను తరచూ చూసేది అదే. ఒకసారి ఇదే జవాబు రాసిన పిల్లాణ్ని ఎందుకని అడిగితే వాడిచ్చిన జవాబుకు నేను కాసేపు నోరు మెదపలేకపోయాను. "పరీక్షలో ఒక ప్రశ్నకి 2 మార్కులకు 1 వచ్చింది. ఇంకో ప్రశ్నకి 3 మార్కులకు 1 వచ్చింది. మొత్తం 5కి 2 కదా, టీచర్?" వాడు చెప్పింది నిజం, మార్కులు అలాగే కలుపుతారు. తేడా ఏమిటంటే మార్కుల్లో "మొత్తం" అనేది మారిపోతూ ఉంటుంది, మొదట 2, తర్వాత 3, చివరికి 5. భిన్నాల కూడికలో ఆ మొత్తం ఒక్కటే, అది మారకూడదు. ఈ సంగతి వాడికి అర్థం కావడానికి లసాగు పనికిరాదు. ఒక పొడవాటి పట్టీ గీసి ఆరు గళ్లు చేయించాను. సగం అంటే ఎన్ని గళ్లు? 3. మూడో వంతు అంటే? 2. ఒకే పట్టీలో రెండూ రంగు వేస్తే? 5 గళ్లు నిండాయి, ఒకటి మిగిలింది. "అయితే 5/6" అన్నాడు. లసాగు ఎందుకు కావాలో అప్పుడు వాడికే తెలిసింది. ఆ ఆరు గళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో వెతుక్కుంటే దొరికేది అదే.

ఇక ఆన్‌లైన్ ఇబ్బందులు. ఎదురెదురుగా కూర్చుంటే పిల్లాడి నోట్‌బుక్ మీకు కనిపిస్తూనే ఉంటుంది, పెన్ను తటపటాయించినా తెలుస్తుంది. స్క్రీన్ మీద కనిపించేది ముఖం. నిజానికి ముఖం వల్ల మీకు పెద్ద ఉపయోగం లేదు. కెమెరా ముఖం మీద కాదు, నోట్‌బుక్ మీద ఉండాలి. క్లాసు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంటే అదే కాల్‌లోకి ఫోన్‌తో రెండోసారి చేరమనండి. నాలుగు లావుపాటి పుస్తకాలు దొంతర పెట్టి, ఫోన్ కెమెరా అంచు బయటికి వచ్చేలా పైన ఆనించి, కదలకుండా ఇంకో పుస్తకం బరువు పెడితే చాలు. ఫోన్ వైపు మైకూ స్పీకరూ ఆపెయ్యాలి, లేకపోతే చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. ఉన్నది ఒక్క ఫోనే అయితే ముఖం మానేసి నోట్‌బుక్ చూపించమనండి. పెన్సిల్ వద్దు, కెమెరాలో సరిగా కనపడదు. ముదురు రంగు పెన్ను వాడమనండి. పెన్నుతో ఇంకో లాభం ఉంది, చెరపడం కుదరదు. తప్పయితే ఒక గీత కొట్టి కింద రాయాలి. ఆ కొట్టేసిన వరసలే నాకు అన్నిటికన్నా విలువైనవి.

వైట్‌బోర్డు వాడితే రాసే హక్కు పిల్లాడికీ ఇవ్వండి. కానీ మౌస్‌తో భిన్నాలు రాయించడం శిక్షలాంటిది. సగం బుర్ర గీత వంకర పోకుండా చూడటానికే ఖర్చయిపోతుంది. స్టైలస్ లేకపోతే కాగితమే నయం. నేను బోర్డు మీద రాసేది చాలా తక్కువ. వాడు రాసిన వరసల్లో ఒకదాని కింద గీత గీస్తాను, లేదా పక్కన ప్రశ్నార్థకం పెడతాను. ఒక్కోసారి సరైన వరస పక్కన కూడా పెడతాను. ఎందుకంటే తప్పు దగ్గరే పెడితే నా ప్రశ్నార్థకాన్ని చూసి తప్పు పట్టేస్తారు, లెక్కను చూసి కాదు.

మౌనం గురించి అడిగారు. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్ని పరిశీలించి, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించారు. ఆ ఒక్క సెకనును 3 సెకన్లకో, ఇంకాస్త ఎక్కువకో పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబే రాని సందర్భాలు తగ్గాయి. ఆన్‌లైన్‌లో 3 సెకన్లు చాలవు. మాట అటు చేరడానికీ ఇటు రావడానికీ కొంత పోతుంది, మైక్ ఆన్ చేసుకోవడానికి ఇంకాస్త పోతుంది. నేను మనసులో పదిహేను లెక్కపెడతాను. మొదట్లో ఆ పదిహేను ఒక యుగంలా అనిపించేది. అయితే పిల్లలు ఆ మౌనాన్ని వేరేగా తీసుకుంటారు. నెట్ పోయిందనుకుంటారు, "టీచర్, వినిపిస్తోందా?" అంటారు, ఆలోచన తెగిపోతుంది. లేదా మీకు కోపం వచ్చిందనుకుంటారు. అందుకని మొదటి క్లాసులోనే చెప్పేస్తాను: "నేను మాట్లాడకపోతే నెట్ పోయినట్టు కాదు, కోపం వచ్చినట్టూ కాదు. నువ్వు ఆలోచించుకోవడానికి ఆగానన్నమాట. నీ పెన్ను కదులుతూ కనిపించినంతసేపు నేను నోరు విప్పను." మైక్ మాత్రం ఆన్‌లోనే ఉంచమంటాను. వాళ్లు గొణుక్కునేది వినిపించాలి. "ఆరు రెళ్లు పన్నెండు, ఒకటి వేసుకుంటే..." అన్న ఆ గొణుగుడులోనే చాలాసార్లు తప్పు దొరికిపోతుంది.

ఆగినా రాలేదు, నిజంగా చిక్కుకుపోయాడు. అప్పుడు ఎంత చెప్పాలి? దీనికి ఒక లెక్క చూపిస్తాను, ఎందుకంటే మాటల్లో "చిన్న హింట్ ఇవ్వండి" అనడం తేలిక, ఇవ్వడం తేలిక కాదు.

లెక్క: తల్లి వయసు కూతురి వయసుకు 4 రెట్లు. 5 ఏళ్ల తర్వాత 3 రెట్లు అవుతుంది. ఇప్పుడు వాళ్ల వయసులెంత?

ఒక అబ్బాయి కూతురి వయసు ఎక్స్, తల్లి వయసు 4ఎక్స్ అని సరిగ్గానే రాశాడు. తర్వాత 4ఎక్స్ + 5 = 3ఎక్స్ + 5 అని రాసి, ఎక్స్ = 0 అని తేల్చి, ఆగిపోయి నా వైపు చూశాడు. ఇక్కడ "5ని కూడా 3తో గుణించాలి, కుండలీకరణం పెట్టు" అంటే పది సెకన్లలో లెక్క అయిపోతుంది, నేర్చుకునే అవకాశం కూడా అక్కడితో అయిపోతుంది. నేనేం అన్నానంటే:

"జవాబు వచ్చింది కదా, ఎందుకు ఆగావ్?"

"సున్నా వచ్చింది టీచర్. అంటే కూతురు ఇప్పుడే పుట్టింది. అప్పుడు అమ్మ వయసు కూడా సున్నా."

"అయితే?"

"అలా కుదరదు."

ఇక్కడిదాకా నేను లెక్క గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. తన జవాబు కుదరదని తనే తేల్చాడు. అప్పుడు, "నువ్వు రాసిన రెండో వరసను లెక్కలోని మాటల్లో నాకు చదివి వినిపించు" అన్నాను. "అమ్మ వయసు ప్లస్ 5, సమానం, కూతురి వయసుకు మూడు రెట్లు... ప్లస్ 5." ఆగాడు. నాకు వినిపించింది, తనకింకా వినిపించలేదు. ఇంకో అడుగు వేశాను: "'ఇప్పుడు' అని ఒక గడి, '5 ఏళ్ల తర్వాత' అని ఇంకో గడి గీసి, తల్లికో వరస, కూతురికో వరస రాయి." నాలుగు గళ్లు నిండాయి: 4ఎక్స్, 4ఎక్స్ + 5, ఎక్స్, ఎక్స్ + 5. "మూడు రెట్లు అన్నది దేనికి?" అని అడిగే అవసరం కూడా రాలేదు. కింది కుడి గడి మొత్తం చుట్టూ వాడే గుండ్రంగా గీశాడు. "ఇదంతా మూడు రెట్లు!" 4ఎక్స్ + 5 = 3ఎక్స్ + 15, ఎక్స్ = 10, తల్లికి 40. 5 ఏళ్ల తర్వాత 45, 15. సరిచూసుకోమని నేను చెప్పలేదు, వాడే చూసుకున్నాడు.

చూశారా, నా మెట్లు ఎలా ఉన్నాయో. ముందు వాడి పనిని వాడి చేతే చదివించడం. కుదరకపోతే రాసుకునే పద్ధతి మార్పించడం: బొమ్మ, పట్టిక, చిన్న అంకెలు. అదీ కుదరకపోతే చూడాల్సిన చోటు చూపించడం. అప్పటికీ రాకపోతే ఇలాంటిదే ఇంకో లెక్క చేసి చూపించి, అసలు లెక్కకు వాణ్ని వెనక్కి పంపడం. అసలు లెక్కలోని స్టెప్పు చెప్పడం అన్నిటికన్నా చివరిది. నేను దాని దాకా రోజూ వెళ్లను. వెళ్లిన రోజు పాపం చేసినట్టు కూడా అనుకోను.

మాటల లెక్కల్లో పిల్లలు చిక్కుకునేది తరచుగా లెక్క దగ్గర కాదు, చదవడం దగ్గర. ప్రతి మాటల లెక్కనూ ముందు గట్టిగా చదివిస్తాను. "ఇందులో ఏం అడిగారు?" అంటే చాలామంది కిందికి చూసి మళ్లీ వెతుక్కుంటారు. ఇది చిన్నపిల్లల సమస్య మాత్రమే కాదు. అమెరికాలో 1980 ప్రాంతంలో జాన్ క్లెమెంట్, ఆయన సహచరులు ఇంజనీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులకు ఒక ప్రశ్న ఇచ్చారు: ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ల సంఖ్యకు ఆరు రెట్లు విద్యార్థులున్నారు, దీన్ని సమీకరణంగా రాయండి. మూడింట ఒక వంతుకు పైగా తప్పు రాశారు. 6తో గుణించాల్సింది ప్రొఫెసర్ల అక్షరాన్ని, ఎక్కువమంది రాసిన తప్పు విద్యార్థుల అక్షరాన్నే 6తో గుణించడం. ఇంగ్లిష్ వాక్యంలో మాటలు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో అక్షరాలు పెట్టెయ్యడం దీనికి ఒక కారణం. అందుకే పిల్లలు సమీకరణం రాయగానే నేను "సరే, 10 మంది ప్రొఫెసర్లుంటే విద్యార్థులెంతమంది? నీ సమీకరణం అదే చెబుతోందా?" అని అంకెలు పెట్టి చూపించమంటాను.

జవాబు సరైతే చాలు అనుకునేవాళ్లకు ఒక పాత సంగతి చెప్పాలి. 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు బెన్నీ అన్న పేరుతో పన్నెండేళ్ల అబ్బాయి గురించి రాశారు. ఆ అబ్బాయి ఎవరికి వారు తమ వేగంతో చేసుకుపోయే పాఠాలు, పరీక్షలు ఉన్న పద్ధతిలో నేర్చుకుంటున్నాడు. బాగానే ముందుకెళుతున్నాడని టీచరు అనుకున్నారు. కూర్చోబెట్టి మాట్లాడిస్తే తేలిందేమిటంటే, వాడి దృష్టిలో 2/10 అంటే 1.2. రెండూ పదీ కలిపితే పన్నెండు, మధ్యలో చుక్క. 5/10 అంటే 1.5. వాడు ఇలాంటి సొంత నియమాలు చాలా తయారుచేసుకున్నాడు, వాటితోనే నెట్టుకొచ్చాడు. ఇప్పుడు మన పిల్లలు చేసే ఆన్‌లైన్ క్విజ్‌లు చూస్తే నాకు బెన్నీ గుర్తొస్తాడు. పచ్చ టిక్కు జవాబుకే వస్తుంది, ఆలోచనకు రాదు. కాబట్టి జవాబు సరిగ్గా వచ్చినప్పుడు కూడా "ఎలా వచ్చింది?" అని అడగండి. తప్పయినప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లాడు కంగారుగా కొట్టేస్తాడు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. పైన రాసింది చదివి, ఇక ఏదీ చెప్పకూడదని, ప్రశ్నలతోనే నడిపించాలని అనుకోకండి. నేను ఒకప్పుడు ఆ పొరపాటు చేశాను. త్రికోణమితి అప్పుడే మొదలుపెట్టిన అబ్బాయి. సైన్, కాస్ అన్న మాటలే వాడికి కొత్త. వాణ్ని ఇరవై అయిదు నిమిషాలు ప్రశ్న మీద ప్రశ్న అడిగాను. "ఏ భుజం తెలుసు? ఏది కావాలి? ఈ రెండింటినీ కలిపేది ఏది?" మొదట చిన్నగా జవాబులు, తర్వాత "తెలీదు", ఆ తర్వాత కెమెరా ఆగిపోయింది. వాడి దగ్గర లేనిదాన్ని వాడి దగ్గర్నుంచే రాబట్టాలని చూశాను. అది బోధన కాదు, వేధింపు.

పూర్తిగా కొత్త విషయమైతే చేసి చూపించిన లెక్కే మేలు. జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితం మీద ప్రచురించిన ప్రయోగాల్లో, కొత్తగా నేర్చుకునేవాళ్లు అన్నీ సొంతంగా తేల్చుకోవడం కన్నా, చేసిన లెక్కల్ని అధ్యయనం చేస్తూ నేర్చుకున్నప్పుడు అలాంటి లెక్కలు త్వరగా, తక్కువ తప్పులతో చెయ్యగలిగారు. నేనిప్పుడు ఇలా చేస్తాను: ఒక లెక్క పూర్తిగా చేసి చూపిస్తాను, ప్రతి నిర్ణయం దగ్గరా పైకి ఆలోచిస్తూ. రెండోది చివరి స్టెప్పు వదిలేసి ఇస్తాను. మూడోది చివరి రెండు స్టెప్పులు లేకుండా. నాలుగోదానికల్లా వాడే మొదలుపెడతాడు. ఇలా చేసి చూపించడానికీ, మీరు ఇప్పుడు చేస్తున్నదానికీ తేడా ఒకటుంది. మీరు పిల్లాడు చేస్తున్న లెక్కను వాడి చేతిలోంచి తీసుకుని పూర్తి చేస్తున్నారు. నేను వేరే లెక్క చూపించి, వాడి లెక్కను వాడికే వదిలేస్తున్నాను.

మాటలు కూడా కొన్ని మార్చుకోండి. "ఇది చాలా తేలిక" అని ఎప్పుడూ అనకండి. వస్తే "తేలికది కదా, గొప్పేముంది" అనుకుంటాడు, రాకపోతే "తేలికదే రాలేదు" అనుకుంటాడు. ఎటు చూసినా వాడికే నష్టం. "తప్పు" అనడం కన్నా "ఇక్కడిదాకా నాకు అర్థమైంది, ఈ వరస దగ్గర ఆగిపోయాను, చెప్పు" అనడం బాగా పనిచేస్తుంది. మీకే లెక్క రాకపోతే దాచకండి. పైకే ఆలోచించండి, తప్పుదారి పట్టి వెనక్కి రావడం వాడు చూడాలి. పెద్దవాళ్లు కూడా ఆగుతారని, ఆగాక ఏం చేస్తారో పిల్లలకు ఎవరూ చూపించరు.

చాట్‌లో ఫోటో పంపి "సాల్వ్ చెయ్యండి" అనేవాళ్లు కూడా వస్తారు మీకు. నేను పెట్టుకున్న పద్ధతి: ప్రశ్న ఫోటోతో పాటు నోట్‌బుక్ ఫోటో కూడా రావాలి. ఒక్క వరసైనా పర్లేదు, "ఇక్కడ ఏం చెయ్యాలో తెలీలేదు" అని రాసినా పర్లేదు. ఖాళీ ప్రశ్నకు జవాబు ఇవ్వను. ఫోటో మూలన గడియారం వెనక్కి తిరుగుతూ కనిపిస్తే అది నడుస్తున్న పరీక్ష. అప్పుడు ఒక్క స్టెప్పు కూడా చెప్పకండి. "పరీక్ష అయ్యాక రా, ఇద్దరం కలిసి చూద్దాం" అనండి. కోపగించుకోవద్దు. ఆ పిల్లలకే మన అవసరం ఎక్కువ.

తల్లిదండ్రుల లెక్కల లెక్క. ఇది నిజమైన ఒత్తిడే, తేలిగ్గా తీసుకోను. గంటలో పన్నెండు లెక్కలు మీరు చేసి చూపించగలరు, పిల్లాడు నిజంగా చేసేవి మూడో నాలుగో. ఆ మాట ముందే చెప్పండి. నేనైతే క్లాసు చివర పిల్లాడి నోట్‌బుక్ పేజీ ఫోటో, కొట్టివేతలతో సహా వాళ్లకు పంపిస్తాను. కింద రెండు వాక్యాలు రాస్తాను: ఇవాళ ఎక్కడ ఆగాడు, ఎలా దాటాడు. రెండు వారాలు అలా పంపితే "ఎన్ని" అన్న ప్రశ్న చాలామంది మానేస్తారు. పక్కన కూర్చుని మెల్లగా జవాబు అందించే అమ్మగారు ఉంటే మర్యాదగానే చెప్పండి: "అమ్మా, వాడు తప్పు చేస్తేనే వాడికేం రాలేదో నాకు తెలుస్తుంది. కాస్త చెయ్యనివ్వండి."

క్లాసు చివరి పది నిమిషాలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఆ రోజు కష్టపెట్టిన లెక్కను, పాత పేజీ మూసి, మీరు మాట్లాడకుండా, ఖాళీ పేజీ మీద మొదటి నుంచి చేయించండి. తర్వాతి క్లాసు కూడా దాంతోనే మొదలుపెట్టండి, అంకెలు మార్చి. మీరు చెప్పే "మర్నాడు మళ్లీ మొదటికే" అన్న బాధకు నాకు తెలిసిన మందు ఇదొక్కటే. మొదటి రెండు మూడు రోజులు ఖాళీ పేజీ చూసి బెదిరిపోతాడు. మొదటి వరస కూడా రాకపోతే పాత పేజీ ఒక్క పది సెకన్లు చూసి మూసెయ్యమనండి. ఎక్కడ చూశాడో గమనించండి, వాడికి రానిది అక్కడే ఉంటుంది.

మీ అబ్బాయికి రేపు ఇలా మొదలుపెట్టండి. 1/2 + 1/3 ఇవ్వండి, కానీ చెయ్యమనకండి. "జవాబు సగం కన్నా ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా?" అని మాత్రం అడగండి. "ఎక్కువే" అంటాడు. అది కాగితం మీద రాయించండి. అప్పుడు లెక్క చెయ్యనివ్వండి. 2/5 వస్తే ఏమీ అనకండి. "ఇది సగం కన్నా ఎక్కువా, తక్కువా?" అని అడిగి, పదిహేను లెక్కపెట్టండి. ఆ మౌనంలో వాడి నోట వచ్చే మొదటి మాటను ఉన్నదున్నట్టు రాసుకుని ఇక్కడ పెట్టండి. దాన్ని బట్టి తర్వాత ఏం అడగాలో ఇద్దరం కలిసి చూద్దాం.